పాత కారు, కూలెంట్ డబ్బా, బోరు నీళ్లు

పాత కారు వేడెక్కి దారిలో ఆగిందంటే, బానెట్ ఎత్తగానే ముందు కంటబడేది కూలెంట్ డబ్బా. ఒకప్పుడు లోపలి నీళ్లు కనబడేంత తెల్లగా ఉన్న ప్లాస్టిక్కు ముదురు పసుపుకు తిరిగి ఉంటుంది. అతుకు వెంట ఎండిన చార, మూత కింద తుప్పు రంగు మడ్డి. నేరం దాని నెత్తినే పడుతుంది. ఆ వెంటనే సలహాలు మొదలవుతాయి. ఎం-సీల్ పెడితే చాలునని ఒకరు, పారేసి కొత్తది వేయమని ఇంకొకరు, అల్యూమినియంతో చేయించుకుంటే జన్మలో మళ్లీ చూసుకోనక్కర్లేదని మరొకరు. అసలు డబ్బానే పీకేసి పైపు రోడ్డు మీదికి వదిలేయమంటాడు పెద్ద మెకానిక్కు. నలుగురి మాటా ఎక్కడో ఒకచోట చెల్లుతుంది. ఏ కారు, ఏ డబ్బా, ఏ నీళ్లు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. అనంతపురం మెట్టలో, బెళుగుప్ప లాంటి చోట, ఈ మూడింటిలో నీళ్ల సంగతే పెద్దది. దాన్నే అందరూ ఆఖరికి నెడతారు.

డబ్బా ఎందుకు పుట్టిందో చూస్తే సగం తగాదా తీరుతుంది. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. 20 డిగ్రీల నుంచి 95 డిగ్రీలకు చేరేసరికి నూటికి నాలుగు పాళ్ల దాకా పెరుగుతాయి. 8 లీటర్లు పట్టే ఇంజిన్‌లో అది దాదాపు 300 మిల్లీలీటర్లు. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ కలిస్తే ఇంకొంచెం ఎక్కువ. ఆ పెరిగిన నీటికి తొలినాటి కార్లు వేరే చోటివ్వలేదు. 1950ల చివర్లో ఉత్తరపారాలో మొదలైన అంబాసిడర్‌లో రేడియేటర్ పై భాగంలోనే కాస్త ఖాళీ వదిలేవారు. ఎక్కువైంది మెడ దగ్గరి సన్న గొట్టం గుండా నేల మీదికి పోయేది. విల్లీస్ నమూనాలో మహీంద్రా వాళ్లు చేసిన జీపులదీ అదే పద్ధతి. పోయిన నీళ్లు పోయినట్టే కాబట్టి డ్రైవరు దగ్గర నీళ్ల క్యాను ఎప్పుడూ ఉండేది. 1961లో ఫ్రాన్సులో వచ్చిన రెనో 4, నీళ్లు బయటికి పోకుండా మూసేసిన చల్లదనపు వ్యవస్థను మామూలు జనం కొనే కారులోకి తెచ్చింది. అందులో ఉబ్బిన నీటికి చోటిచ్చింది ఒక గాజు సీసా. గాజు ఎండకు పసుపెక్కదు, వేడికి పెళుసెక్కదు. ఆ తర్వాత వచ్చిన ప్లాస్టిక్కు రెండూ చేసింది.

ఇప్పుడు మనం డబ్బా అంటున్నది రెండు రకాలు. వీటిని కలిపేసి మాట్లాడటం వల్లే తప్పుడు సలహాలు పుడుతున్నాయి. ప్రెషర్ మూత ఎక్కడుందో చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. మూత రేడియేటర్ మీద ఉండి, డబ్బాకు మామూలు ప్లాస్టిక్ మూత ఉంటే అది ఓవర్‌ఫ్లో బాటిల్. అందులో ప్రెషర్ ఉండదు. ఇంజిన్ వేడెక్కినప్పుడు పొంగింది అందులోకి వస్తుంది, చల్లారినప్పుడు వెనక్కి పీల్చుకుంటుంది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800ది ఈ రకమే. ప్రెషర్ మూత డబ్బా మీదే ఉంటే అది వేరే జాతి. ఇంజిన్‌లో ఉన్న ఒత్తిడి అంతా దాని గోడల మీదా ఉంటుంది. 1990ల మధ్యలో పుణేలో తయారై, ఇప్పుడు బెంగళూరులో సెకండ్‌హ్యాండ్‌లో చేతులు మారుతున్న డబ్ల్యు124 మెర్సిడెస్‌లో ఉండేది ఇలాంటిదే. మొదటి రకం చిట్లితే నీళ్లు కారతాయి, అంతే. ఇంటికి చేరుకోవచ్చు. రెండోది పగిలితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, 110 డిగ్రీల దగ్గర ఉన్న నీళ్లు ఆ క్షణమే మరిగి ఆవిరవుతాయి, సిలిండర్ హెడ్ వంకర పోతుంది. ఎం-సీల్ చర్చ మొదటి రకానికి పనికొస్తుంది. రెండోదానికి ఆ చర్చే వద్దు.

ఇక నీళ్ల సంగతి. అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. జీడిపల్లి రిజర్వాయరు బెళుగుప్ప మండలంలోనే ఉంది. శ్రీశైలం వెనక జలాలను మల్యాల దగ్గర ఎత్తిపోసి హంద్రీ-నీవా కాలువ ఇక్కడిదాకా తెస్తుంది. అది చేలకు, చెరువులకు. దారిలో బండి మరిగితే డ్రైవరు చెంబు పట్టుకుని పోయేది దగ్గర్లోని బోరుకో, వీధి కొళాయికో. గ్రానైటు రాతి పొరల్లోంచి వందల అడుగుల లోతు నుంచి పైకొచ్చే ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దండిగా ఉంటాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టడం ఈ వైపు ప్రతి ఇంట్లోనూ చూసేదే. ఇంజిన్ లోపలా అదే జరుగుతుంది. వేడి తగిలినప్పుడు కరిగి ఉన్న బైకార్బనేట్లు విడిపోయి సున్నపు పొరగా కూర్చుంటాయి. అదీ ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే, అంటే సిలిండర్ హెడ్ చుట్టూ. ఊడిన పెచ్చులు పోయి రేడియేటర్ సన్న గొట్టాల్లో అడ్డం పడతాయి.

ఇక్కడొక లెక్క వేసుకోవాలి. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీళ్లు రోజుకు అర లీటరు చొప్పున పోస్తున్నారనుకుందాం. నీరు ఆవిరై పోతుంది, లవణం లోపలే ఉండిపోతుంది. ఏడాదికి 90 గ్రాములకు పైగా సున్నం ఇంజిన్‌లో చేరుతుంది. మొదటిసారి నింపిన 8 లీటర్లలో ఉన్నది 4 గ్రాములే! కాబట్టి రేడియేటర్‌ను చంపేది మొదట నింపిన నీళ్లు కాదు, రోజూ పోసే నీళ్లు. కారే డబ్బాను ‘నీళ్లు పోసుకుంటే సరిపోతుందిలే’ అని వదిలేయడం ఎందుకు ఖరీదైన పనో దీన్నిబట్టి తెలుస్తుంది. డబ్బా ధర మిగిలిందనుకునేవాడు హెడ్ పనికి డబ్బు కూడబెట్టుకోవాలి. చలిదేశాల పుస్తకాల్లో ఈ కోణం పెద్దగా కనబడదు. వాళ్ల భయమంతా నీళ్లు గడ్డకట్టి బ్లాకు పగలడం గురించే.

డబ్బా మీద చేయి వేసే ముందు మూత చూడాలి. ఈ మాట ఎంత చెప్పినా తక్కువే. అందులో రెండు వాల్వులుంటాయి. పెద్ద స్ప్రింగు ఉన్నది ఒత్తిడి మితిమీరితే తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్న చిన్నది ఇంజిన్ చల్లారేటప్పుడు లోపల ఖాళీ ఏర్పడకుండా గాలినో నీటినో లోపలికి రానిస్తుంది. స్ప్రింగు చచ్చిపోతే ఒత్తిడి నిలవదు, నీళ్లు తొందరగా మరుగుతాయి. 0.9 బార్ ఒత్తిడి నిలిస్తే ఉత్త నీళ్లయినా 118 డిగ్రీల దాకా మరగవు. ఒత్తిడి లేకపోతే 100 దగ్గరే పొంగిపోతాయి. మే నెలలో 42 డిగ్రీల ఎండలో ఉరవకొండ దారిన పోయే కారుకు ఆ 18 డిగ్రీల తేడాయే బతుకు. చిన్న వాల్వులో సున్నం పట్టి బిగుసుకుంటే, చల్లారిన బండిలో పై హోసు పైపు నొక్కుకుపోయి చప్పిడిగా కనబడుతుంది. పెద్దదే బిగుసుకుపోతే మాత్రం ఒత్తిడికి దారి దొరక్క డబ్బా అతుకు విడుతుంది. అప్పుడు డబ్బా మార్చి పాత మూతే బిగిస్తే కొత్త డబ్బా కూడా అదే దారి పడుతుంది. మూత మీద అచ్చువేసిన ఒత్తిడి అంకె ఎంతుందో అంతే కొనాలి. ‘ఎక్కువ పౌండ్లది వేస్తే ఎక్కువ వేడికి ఆగుతుంది’ అనే మాట లెక్క ప్రకారం నిజమే. కానీ ముప్పై ఏళ్ల హోసులకు, మాటు పెట్టిన రేడియేటర్‌కు ఆ లెక్క తెలియదు. ఏది బలహీనంగా ఉంటే అది చిట్లుతుంది.

ఇంకో అనుమానం కూడా ముందే తీర్చుకోవాలి. హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటే సిలిండర్‌లోని గ్యాసు నీళ్లలోకి దూరి, డబ్బాలో ఆగకుండా బుడగలు వస్తాయి. ఆ ఒత్తిడికి ఏ డబ్బా నిలవదు. మెకానిక్కుల దగ్గర ఉండే నీలం రంగు ద్రవం ఈ గ్యాసు తగిలితే పసుపుకు మారుతుంది, కాసేపటి పని. డబ్బాలో నూనె జిడ్డు తేలుతున్నా కథ ఇంజిన్ లోపలే ఉంది. చేతి పంపుతో ఒత్తిడి పెట్టి చూసే పరికరం ఉంటే ఇంకా మంచిది. చల్లటి ఇంజిన్‌లో మూత అంకె ఎంతో అంత ఒత్తిడి పెట్టి, కొద్ది నిమిషాలు ముల్లు కదలకుండా నిలుస్తుందో లేదో చూడాలి. నిలిస్తే డబ్బా రంగు చూసి భయపడనక్కర్లేదు. రంగు మారడం ఒక్కటే మార్చేయడానికి కారణం కాదు. వేలితో నొక్కితే సన్న గీతలు పడుతుంటేనో, అతుకు వెంట వెంట్రుకంత చీలికలు కనబడితేనో, పైపు తగిలించే ముక్కు మొదట్లో తెల్లబడితేనో అప్పుడు రోజులు దగ్గరపడ్డట్టు.

ప్లాస్టిక్ డబ్బాల్లో ఎక్కువ పాలిప్రొపిలీన్‌వి; అడుగున ‘పీపీ’ అని అచ్చు ఉంటుంది. దీన్ని ముసలిదాన్ని చేసేవి వేడి, ఎండ, ఆక్సిజన్. తయారీలో కలిపిన రక్షక రసాయనాలు ఏళ్ల తరబడి వేడికి ఖర్చయిపోతాయి. అవి అయిపోయాక ప్లాస్టిక్ లోపలి పొడవాటి గొలుసులు తెగడం మొదలవుతుంది. రాగి కణాలు తగిలితే ఈ పని ఇంకా వేగంగా సాగుతుంది. ఇత్తడి రేడియేటర్ నుంచి ఊడే మడ్డిలో రాగి ఉండనే ఉంటుంది. అంటే పాడైన నీళ్లు డబ్బానూ లోపలినుంచి తింటాయి. ఈ ముసలితనానికి మందు లేదు. పైకి తోమి, పాలిష్ పట్టి, పెయింటు వేస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ తెగిన గొలుసులు అతుక్కోవు.

అందుకే ప్లాస్టిక్ మరమ్మతుల గురించి నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. పాలిప్రొపిలీన్ ఉపరితలం జిగురును దగ్గరకు రానీయదు. అరాల్డైట్ అయినా, ఎం-సీల్ అయినా, ఫెవిక్విక్ అయినా పైన కరుచుకున్నట్టు కనబడి, నాలుగుసార్లు వేడెక్కి చల్లారేసరికి పెచ్చులా ఊడొస్తుంది. ‘అన్నా, రెండేండ్లు కదల్దు’ అని మెకానిక్ తమ్ముడు ఇచ్చే హామీ ఓవర్‌ఫ్లో బాటిల్‌కు అక్కడక్కడా నిలవచ్చు, ఎందుకంటే అందులో ఒత్తిడే లేదు. సోల్డరింగ్ ఐరన్‌తో చీలికను కరిగించి, సన్న స్టీలు జాలీ లోపలికి అదిమే పద్ధతి వీటన్నిటికంటే నయం. వేడిగాలితో, అదే జాతి ప్లాస్టిక్ కడ్డీతో వెల్డింగ్ చేసేవాళ్లు పట్నాల్లో ఉన్నారు. బంపర్‌కు అది చక్కగా పనికొస్తుంది. గొలుసులు తెగిన పాత డబ్బా మీద మాత్రం వెల్డు గట్టిగానే ఉంటుంది, దాని పక్కన కొత్త చీలిక వస్తుంది. దారి మధ్యలో పగిలితే ఇల్లు చేరడానికి ఈ ఉపాయాలన్నీ వాడుకోవచ్చు. ఒత్తిడి డబ్బాకు అంతకుమించి వాటిని నమ్మకూడదు.

పగలకుండా మురికి మాత్రమే పట్టిన డబ్బా వేరే సంగతి. దాన్ని నిశ్చింతగా బాగుచేసుకోవచ్చు. విప్పి బయటికి తీసి, గోరువెచ్చని నీళ్లలో కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు కలిపి పోసి, కొన్ని గంటలు నానబెడితే సున్నం కరిగిపోతుంది. మూలల్లోని తుప్పు మడ్డికి గుప్పెడు బియ్యం వేసి గిలకొట్టడం పాత చిట్కా. ఇసుక వద్దు, గీతలు పడతాయి. గీత పడ్డచోటే చీలిక మొదలవుతుంది. పెట్రోలుతో కడగడం కొందరికి అలవాటు. వేడిమీద నడిచే బండిలో ఆ వాసన మిగలడమే తప్పు, పైగా ప్లాస్టిక్కుకూ మంచిది కాదు. లెవెల్ సెన్సర్ ఉన్న డబ్బాలో దాని రబ్బరు వాషరు కొత్తది వేయాలి.

లోహపు ట్యాంకుల దగ్గర కథ తిరగబడుతుంది. ఇత్తడిది అయితే పారేయడం దాదాపు నేరమే. సీసం-తగరం మాటు విడితే మళ్లీ మాటు పెట్టొచ్చు, చొట్ట పడితే సరిచేయొచ్చు, మెడ అరిగితే కొత్త మెడ అతకొచ్చు. బళ్లారిలోనూ అనంతపురంలోనూ లారీల రేడియేటర్లు విప్పి మాట్లు వేసే షాపుల వాళ్లకు ఇది చెయ్యి తిరిగిన పని. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం 1912 రోల్స్-రాయిస్ సిల్వర్ ఘోస్ట్ లాంటి కార్లు వందేళ్లు దాటినా తిరిగి ప్రాణం పోసుకోగలిగాయంటే, అప్పటి పనివాళ్లు ఎంచుకున్నవి మళ్లీ మళ్లీ అతకగలిగే లోహాలు కావడం ఒక కారణం. ఉక్కు ట్యాంకుతో కాస్త జాగ్రత్త. అది లోపలినుంచి తుప్పు తింటుంది, పైకి తెలియదు. సన్న సుత్తితో తట్టి చూస్తే పల్చబడ్డ చోట శబ్దం మారుతుంది. లోపల పూత పోయిస్తే సరిపోతుందనేవాళ్లున్నారు. ఆ పూత ఊడితే ముక్కలు పోయి రేడియేటర్‌లో అడ్డం పడతాయి. పల్చబడిన ఉక్కును కోసి కొత్త రేకు అతకడమే మేలు.

ఇక కొత్తది ఎక్కడ దొరుకుతుంది? మారుతి 800 బాటిల్ అయితే తాలూకా కేంద్రంలోనే దొరుకుతుంది. అరుదైనవాటికి బెంగళూరు జేసీ రోడ్డు, సికింద్రాబాదు రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్. అక్కడ మూడు రకాలు చూపిస్తారు: కంపెనీ సరుకు, బయటి తయారీ, ‘పాత స్టాకు కొత్త సరుకు’. మూడోదంటే పాత కార్ల వాళ్లకు మహా మోజు, ముద్ర చెదరని డబ్బా కదా అని. ఇత్తడిదైతే మోజులో అర్థముంది. ప్లాస్టిక్‌దైతే అది రేకుల షెడ్డులో పాతికేళ్లు వేసవి వేడిని భరించి ఉండొచ్చు. వాడకపోయినా వయసు ఆగదు. గోడమందం సరిగ్గా ఉన్న బయటి తయారీ కొత్త డబ్బానే దానికంటే నమ్మదగింది. స్క్రాపు కారులోంచి తీసిన ప్లాస్టిక్ డబ్బా అన్నిటికంటే పనికిమాలిన బేరం. అది కూడా మీ పాతదాని తోటిదే.

అల్యూమినియంతో చేయించడం ఈ మధ్య ఫ్యాషను. టిగ్ వెల్డింగ్ చేతనైనవాడు కొలతలకు కొట్టిస్తే మంచి పనే అవుతుంది. రెండు షరతులు. లోపలి ఖాళీ అసలుదాని కంటే తగ్గకూడదు, ఎందుకంటే నీటి పైన గాలికి చోటు లేకపోతే ఉబ్బిన నీళ్లు మూత తోసుకుని పోతాయి. రెండోది, పోత ఇనుము ఇంజిన్, ఇత్తడి రేడియేటర్, అల్యూమినియం డబ్బా ఒకే ఉప్పునీటిలో తడిస్తే తినబడేది అల్యూమినియమే. బోరు నీళ్లు పోసేవాళ్లు దీని జోలికి పోకపోవడం మంచిది.

అసలు డబ్బాయే లేని అంబాసిడర్‌కూ జీపుకూ ఏదో ఒక చిన్న కారు బాటిల్ తగిలించడం మెట్టలో పనికొచ్చే మార్పు. రోజూ నీళ్లు పోసే పని తప్పుతుంది, దాంతో సున్నమూ తగ్గుతుంది. అయితే చాలాచోట్ల బాటిల్ బిగించి పాత మూతే ఉంచేస్తారు. ఆ మూతకు పై అంచున రబ్బరు వాషరు ఉండదు, కాబట్టి చల్లారేటప్పుడు బాటిల్లోని నీళ్లకు బదులు పక్కనుంచి గాలి పీలుస్తుంది. బాటిల్ నిండుతూనే ఉంటుంది, రేడియేటర్ ఎండుతూనే ఉంటుంది. వెనక్కి పీల్చుకునే రకం మూత వేయాలి, గొట్టం కొస బాటిల్ అడుగుదాకా నీళ్లలో మునిగి ఉండాలి.

ఇలా మారిస్తే అసలుతనం పోదా అని అడిగేవాళ్లుంటారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ వరుసలో నంబరిస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు రుసుము. అవి పట్టించుకునేది ఛాసీ, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పుల గురించి. కూలెంట్ డబ్బా ఆ లెక్కలోకి రాదు. ప్రదర్శనల్లో న్యాయనిర్ణేతలు పట్టుకోవచ్చు. దానికి దారి ఉంది: అసలు డబ్బాను కడిగి, ఎండ తగలని చోట దాచి, ప్రదర్శన రోజున బిగించుకోవడం. రోజూ రోడ్డెక్కే కారులో ముప్పై ఏళ్ల ప్లాస్టిక్‌ను గౌరవం కోసం ఉంచుకోవడం మాత్రం నాకు మూర్ఖత్వంగానే తోస్తుంది.

బిగించేటప్పుడు జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం పాత హోసును లాగడం వల్లే. అది ముక్కుకు అంటుకుపోయి ఉంటుంది. గట్టిగా లాగితే ముక్కే విరిగి చేతికొస్తుంది. బ్లేడుతో హోసును నిలువునా చీల్చి విప్పి, కొత్త హోసు వేయడం చవక. క్లిప్పులు ప్లాస్టిక్ ముక్కు మీద అతిగా బిగించొద్దు.

గ్లైకాల్ మన ఎండకు అనవసరం అనే వాదన సగం నిజం. గడ్డకట్టే చలి ఇక్కడ లేదు. వేడిని మోయడంలో ఉత్త నీళ్లే మెరుగు కూడా. కానీ కూలెంట్‌తో పాటు వచ్చే తుప్పు నిరోధకాలు ఉత్త నీళ్లలో ఉండవు. మూడో వంతు కూలెంట్, మిగతాది బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ ఈ మెట్టకు సరిపోయే పాళ్లు. అది దొరకని ఊళ్లో ఆర్వో ప్లాంటు క్యాను నీళ్లు బోరు నీళ్ల కంటే ఎంతో నయం. దించిన పాత కూలెంట్‌ను మాత్రం కాలువలో పారబోయకూడదు. ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. నీటి చెమ్మ కనబడితే కుక్కలూ మేకలూ మూతి పెట్టే ఊళ్లివి. క్యానులో పట్టి, వాడిన కూలెంట్ తీసుకునే సర్వీస్ సెంటరుకు ఇవ్వాలి.

నింపేటప్పుడు కారు ముందు భాగం కాస్త ఎత్తు మీద నిలిపి, హీటర్ ఉంటే దాని వాల్వు తెరిచి, మెల్లగా పోస్తే గాలి బుడగ లోపల చిక్కుకోదు. ఇంజిన్ ఒకసారి పూర్తిగా వేడెక్కి, రాత్రంతా చల్లారాక, పొద్దున గీత దగ్గర లెవెల్ చూసి కొంచెం పోయాల్సి రావచ్చు. ఆ తర్వాత వారం రోజులకు కూడా లెవెల్ దిగుతూ, కింద చుక్క కనబడకపోతే కొత్త డబ్బాను తిట్టి లాభం లేదు. వాటర్ పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గర తడి ఉందా, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తోందా అన్నది చూడాలి.